తలుపు తీసి ఉన్న గంట

ఆయన్ని అందరూ గంట మేస్త్రి అంటారు. ఆ చుట్టుపక్కల వైరింగ్ పని చేసేవాళ్ళు నలుగురున్నారు. మిగతా ముగ్గురినీ పేరుపెట్టే పిలుస్తారు. ఈయనకు మాత్రం ఈ పేరు స్థిరపడింది, ఎందుకంటే పని పూర్తయ్యాక ఈయన వెళ్ళడు. ఇంట్లో ఉన్న సామానంతా ఆన్ చేయించి, ఒక స్టూలు అడిగి వేసుకుని, కొత్తగా పెట్టిన బోర్డుకు ఎదురుగా కూర్చుంటాడు. గంటసేపు. టీ ఇస్తే తాగుతాడు, ఇవ్వకపోతే అడగడు. గంట అయ్యాక లేచి, కుడిచెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకభాగాన్ని ప్లగ్గుల మీద, స్విచ్చుల మీద, మెయిన్ బోర్డు మీద ఆనించి చూస్తాడు. అరచేత్తో పట్టుకుంటే షాక్ కొట్టినప్పుడు వేళ్ళు బిగుసుకుపోయి వదలవు. వెనకవైపైతే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుంది. అలా అన్నీ తాకి చూశాకే సంచి సర్దుతాడు.

"మా చుట్టాలు కూడా ఇంతసేపు కూర్చోరు మేస్త్రీ" అని ఒకసారి ఒక ఇంటాయన విసుక్కున్నాడు.

"కూర్చుంటారు. మీరే లేపి పంపించేస్తారు" అన్నాడు మేస్త్రి, కదలకుండా.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఇరవై మూడేళ్ళ వయసులో ఒక ఇస్త్రీ దుకాణానికి ప్లగ్ పాయింటు పెట్టి, ఇస్త్రీపెట్టె మీద ఎర్రలైటు వెలగడం చూసి, అయిదు నిమిషాల్లో సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ముప్పావు గంటకు ప్లగ్గు కాలి, పక్కనున్న బట్టల దొంతర అంటుకుంది. దుకాణం నడిపే ఆవిడ బకెట్టుతో నీళ్ళు పొయ్యబోతే ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. లేకపోతే ఆవిడ ఉండేది కాదు. ఒక స్క్రూ పూర్తిగా బిగించలేదు, జరిగిన తప్పల్లా అదే. అది బయటపడటానికి ముప్పావు గంట పట్టింది కాబట్టి, ఆనాటి నుంచీ గంట కూర్చోవడం మొదలుపెట్టాడు. ముప్ఫై అయిదేళ్ళలో ఆ గంటల్లో ఆయన పట్టుకున్న తన తప్పులు పదకొండు. పన్నెండోది ఆ గంటలో దొరకలేదు.

ఆ పన్నెండోది సొంత బావమరిది ఇంట్లో జరిగింది.

బావమరిది పార్శిల్ ఆఫీసులో పనిచేస్తాడు. చేతిలో ఫోనుంటే చాలు, ప్రపంచం తన గుప్పిట్లో ఉందనుకునే రకం. ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "బావా, చిన్న పని. ప్లగ్గు పాయింటు మార్చాలి, అంతే" అన్నాడు. వాడు చిన్న పని అంటే ఎంత పనో మేస్త్రికి తెలుసు. పెద్ద సంచే తీసుకెళ్ళాడు.

ఇంట్లోకి అడుగు పెడుతూనే ఏదో హోరు వినబడింది. మెట్ల కింద ఉన్న చిన్న గదిలోంచి వస్తోంది. ఆ గదిలో వాషింగ్ మిషనుంటుంది, చెప్పుల అర ఉంటుంది, గాలిపోయిన సైకిలొకటి ఉంటుంది. ఇప్పుడు సైకిలు వసారాలోకి వచ్చింది. దాని చోట ఒక ఇనప అరమీద, ఒకదాని కింద ఒకటి, రెండు పెట్టెలున్నాయి. ఒక్కోటి పెద్ద రొట్టెల డబ్బా అంత. ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను. పది మంది ఒకేసారి డ్రయర్లతో జుట్టు ఆరబెట్టుకుంటున్నట్టు ఉంది చప్పుడు.

"ఏంట్రా ఇవి?"

"మైనింగ్ మిషన్లు బావా."

"గనులు తవ్వుతావా ఇంట్లో?"

"అది కాదు బావా. ఇవి లెక్కలు చేస్తాయి. పగలూ రాత్రీ లెక్కలు చేస్తూనే ఉంటాయి. చేసినందుకు కంప్యూటర్ నాణేల్లో వాటా వస్తుంది."

"ఎవరి లెక్కలు?"

"అందరివీ."

"మొన్న మీ అమ్మాయి ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయి కూర్చుంది. దాన్ని అడిగే దిక్కు లేదు కానీ, అందరి లెక్కలూ నీకు కావాలా?"

వంటింట్లోంచి బావమరిది భార్య నవ్వింది. "బాగా అడిగారు అన్నయ్యా. రెండ్రోజుల నుంచి నేను అరిస్తే తప్ప ఈ ఇంట్లో ఎవరికీ వినబడటం లేదు."

"నువ్వు ముందునుంచీ అరుస్తూనే ఉన్నావుగా" అన్నాడు బావమరిది.

మేస్త్రి ఆ మాటలు వినడం లేదు. మిషన్ల వెనక నుంచి వచ్చిన వైరు ఎటు పోతోందో చూస్తున్నాడు. రెండూ కలిసి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డులోకి వెళ్ళాయి. బోర్డుకు వైరు ఎక్కువైందని మిగిలినదాన్ని చుట్టచుట్టి చెప్పుల అర కిందకు తోశారు. ఆయన వంగి ఆ చుట్టను వేళ్ళ వెనకభాగంతో తాకాడు. తొడుగు మెత్తగా, వేడిచేసిన రబ్బరులా ఉంది. లేచి గోడమీద స్విచ్చు కట్టేశాడు. హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా ఖాళీ అయినట్టనిపించింది.

"బావా, ఆపకు! ఆగినంతసేపూ నాకు నష్టం."

మేస్త్రి ప్లగ్గు ఊడబెరికి, సంచిలోంచి కటింగ్ ప్లయర్ తీసి, ఎక్స్‌టెన్షన్ వైరును ప్లగ్గు దగ్గర పుటుక్కున కోసేశాడు. కోసిన ప్లగ్గు జేబులో వేసుకున్నాడు.

"అది కొత్తది బావా! మొన్నే కొన్నాను!"

"ఇప్పుడు పాతదైంది."

ఇదీ ఆయన అలవాటే. ఎక్కడైనా పనికిరాని ప్లగ్గు కనబడితే, దాన్ని మళ్ళీ ఎవరూ వాడకుండా కోసి తెచ్చుకుంటాడు. ఇంట్లో బీరువా మీద పాత రేకు డబ్బా ఉంది. అందులో కాలినవీ, కరిగినవీ, పగిలినవీ, ముప్ఫై అయిదేళ్ళ జనం నిర్లక్ష్యం సగానికి పైగా నిండి ఉంది. చేతినిండా పనిలేని రోజు దాన్ని బోర్లించి చూసుకుంటాడని భార్య ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు మేస్త్రి ఆ పని శ్రద్ధగానే చేశాడు. మిషన్ల మీద రాసి ఉన్నది చదివాడు. ఒక్కోటీ పదిహేను వందల వాట్లు. రెండూ కలిపి పదమూడు ఆంపులు. గదిలో ఉన్నది పదహారు ఆంపుల పాయింటు, దానికి పదహారుదే ఎంసీబీ, కరెంటు మించితే తనంతట పడిపోయే స్విచ్చు.

"పదహారుకి పదమూడు. ఇంకా మూడు మిగిలింది. ఇంకో చిన్న మిషను పెట్టొచ్చు" అన్నాడు బావమరిది.

"పెట్టి చూడు. నీ చెయ్యి కూడా ప్లగ్గులాగే కోసి డబ్బాలో వేస్తాను. ఇస్త్రీపెట్టె అరగంట కాలుతుంది, ఆగుతుంది. నీళ్ళ హీటరు కాసేపు కాలుతుంది, ఆగుతుంది. వైరు చల్లారడానికి సందు దొరుకుతుంది. నీ మిషను ఆగదు. ఆగనిదానికి పదహారంటే పన్నెండు, పదమూడే. నువ్వు అంచుమీద ఉన్నావు."

వాషింగ్ మిషన్‌ను ఆ లైను మీంచి తీసేసి పెరటి గోడ పాయింటుకు మార్చాడు. పాత సాకెట్టు పీకి, బరువైన రెండు సాకెట్లు పెట్టాడు. స్క్రూలన్నీ రెండుసార్లు బిగించాడు. ఎర్తు చూశాడు. మెయిన్ బోర్డు దగ్గర ఎంసీబీ మార్చాడు. వైరు మాత్రం మార్చలేదు. ఆ ఇంటికి వైరింగ్ చేసింది తనే. ఇరవై రెండేళ్ళ కింద, పెళ్ళయిన కొత్తలో, బావమరిది నిక్కరు వేసుకుని తిరిగే రోజుల్లో చేశాడు. రాగి వైరు, మందం చాలినంత ఉంది.

తలుపు పైన, కప్పుకు జానెడు కింద, జాయింట్ బాక్సు ఉంది. సున్నాలూ రంగులూ వేసి వేసి దాని మూత గోడలో కలిసిపోయింది. తెరవాలంటే రంగు పెచ్చులు ఊడతాయి. ఆరు నెలల కిందే ఆ గోడకు కొత్త రంగు వేయించారు.

"అది తెరవాలా అన్నయ్యా?" అని అడిగింది బావమరిది భార్య, గోడను చూస్తూ.

మేస్త్రి తలెత్తి చూశాడు. లోపల ఏముందో ఆయనకు తెలుసు. మూడు జతల వైర్లు, తను మెలిపెట్టినవి, తను టేపు చుట్టినవి. "అక్కర్లేదమ్మా. నా జాయింటే అది" అన్నాడు.

ఆ తర్వాత స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మిషన్లు రెండూ మొదలయ్యాయి. గది చిన్నది, స్టూలు లోపల పట్టదు. గుమ్మంలో వేసుకుని, తలుపు వెనక్కి నెట్టి, మోకాళ్ళు లోపల, వీపు బయట పెట్టుకుని కూర్చున్నాడు. బావమరిది భార్య, ఆయనకు వరసకు చెల్లెమ్మ, టీ ఇచ్చింది. మేనకోడలు వచ్చి ఎక్కాల పుస్తకం ఒళ్ళో పెట్టింది. గంటలో ఎనిమిదో ఎక్కం కూడా అయింది. గంట నిండాక లేచి సాకెట్లు చూశాడు, ప్లగ్గులు చూశాడు. స్టూలెక్కి బాక్సు మూత మీద కూడా వేళ్ళు ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. మెయిన్ బోర్డు అంతకన్నా చల్లగా ఉంది.

"అయినట్టే" అన్నాడు.

ఆ మాటకు ఆ వీధిలో ఎంత విలువుందో బావమరిది భార్యకు తెలుసు. ఆమె పుట్టింట్లో కూడా ఆయనే పని చేశాడు. గంట మేస్త్రి అయినట్టే అన్నాక కరెంటు గురించి ఇంక ఎవరూ ఆలోచించరు.

గురువారం మధ్యాహ్నం మేస్త్రి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. భార్య కుట్టుమిషను ముందు కూర్చుని, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని తమ్ముడి భార్యతో మాట్లాడుతోంది. మాటలన్నీ ఆ ఇంటి పిల్లి గురించి.

"అదెక్కడో తెచ్చి పెట్టుంటుంది. వాషింగ్ మిషనున్న చోట చూశావా?... తూము?... ఫినాయిలు పోశావా? అయినా పోలేదా?" భార్య కుట్టు ఆపి నవ్వింది. "మీ పిల్లి చేపల మార్కెట్టు పెట్టినట్టుంది."

మేస్త్రి ముద్ద చేతిలో ఆగిపోయింది.

"ఏ వాసన?" అన్నాడు.

"మీకెందుకు, తినండి. వాళ్ళింట్లో కుళ్ళిన చేప వాసనట. నిన్నటి నుంచి వెతుకుతోంది."

"ఏ గదిలో?"

"మెట్ల కింద—"

ఆయన లేచి ఫోను లాక్కున్నాడు. చెయ్యి కడుక్కోలేదు. "అమ్మా, నేను. ఇప్పుడే మెయిన్ బోర్డు దగ్గరకెళ్ళు. పైవరసలో మొదటి స్విచ్చు కిందికి వెయ్యి. మెట్ల కింద గదిలోకి వెళ్ళకు. నీళ్ళు పొయ్యకు. మెయిన్ బోర్డే."

"అన్నయ్యా, ఇది చేప వా—"

"చేప కాదమ్మా. ప్లాస్టిక్కు ఉడుకుతోంది. వెయ్యి."

ఫోనులో అడుగుల చప్పుడు వినబడింది. తర్వాత టక్ మన్న శబ్దం. తర్వాత ఆ హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవడం వినబడింది.

బోర్డుల్లో, ప్లగ్గుల్లో వాడే గట్టి ప్లాస్టిక్కు అంటుకునే ముందు చాలాసేపు వేడికి ఉడుకుతుంది. అప్పుడది చేపలు కుళ్ళిన వాసనే వేస్తుంది. కాలిన వాసన ఆ తర్వాత వస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలిసిన సంగతే ఇది. ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఎవరూ చెప్పరు. సైకిలు తొక్కుతూ దారిపొడుగునా మేస్త్రి ఆలోచించింది ఇదొక్కటే. ముప్ఫై అయిదేళ్ళలో ఎన్నో ఇళ్ళలో గంటలకొద్దీ కూర్చున్నాడు. ఆ గంటల్లో ఈ ఒక్క ముక్క ఎవరికైనా చెప్పి ఉండొచ్చు.

వెళ్ళేసరికి చెల్లెమ్మ వసారాలో నిలబడి ఉంది, ముక్కుకు కొంగు అడ్డుపెట్టుకుని. అమ్మాయి బడిలో ఉంది. మెట్ల కింద గది తలుపు మూసి ఉంది. మేస్త్రి తలుపును ముందు తాకి చూసి, ఆ తర్వాత తీశాడు. వేడి ముఖానికి కొట్టింది. నేలమీద తడి ఇంకా ఆరలేదు. ఆమె ఫినాయిలు పోసి కడిగింది. చెప్పుల అర జరిపి, వెనక చీపురుతో ఊడ్చింది. తూము జాలీ పీకి పక్కన పెట్టింది. గంటల తరబడి లేని చేపకోసం వెతికింది. తలెత్తి ఉంటే తలుపు పైన రంగు, అరచేతి మేర, గోధుమరంగుకు తిరిగి ఉండటం కనబడేది.

మేస్త్రి స్టూలెక్కి, స్క్రూడ్రైవరుతో రంగు గీరి, మూత ఊడదీశాడు. లోపల రెండు జాయింట్లు బాగానే ఉన్నాయి. మూడోదాని టేపు కారి గట్టిపడింది. దాన్ని ముట్టుకోగానే వైరు తొడుగు బొగ్గులా రాలింది. రాగి నల్లబడింది. బాక్సు అడుగు ఒకవైపు కుంగింది.

ఆయన తలెత్తి కప్పువైపు చూశాడు. దీనికి సరిగ్గా పైన మెట్ల మలుపు. మలుపు పక్కన అమ్మాయి పడుకునే గది.

"నిన్నటి నుంచీ వస్తోంది అన్నయ్యా వాసన. మొన్న రాత్రి కూడా కాస్త వచ్చినట్టే ఉంది" అందామె. "ముందు కరెంటేమో అనుకున్నాను."

"మరి ఎందుకు ఆపలేదమ్మా?"

ఆమె ఆయన్ని వింతగా చూసింది. "మీరు గంట కూర్చున్నారుగా" అంది.

ఇస్త్రీ దుకాణం ఆవిడ ఆ రోజు నానా తిట్లూ తిట్టింది. అవేవీ మేస్త్రికి ఇంతగా తగల్లేదు. కరెంటు కాదని ముందే తేలిపోయింది కాబట్టి ఈమె చేపకోసం వెతికింది. అలా తేల్చి చెప్పింది తను.

బావమరిది ఆఫీసు నుంచి ఊడిపడ్డాడు. మిషన్లు ఆగిపోయాయని ఫోను చెప్పిందట.

"ఎవరు ఆపారు? చెప్పకుండా ఆపితే ఎలా?"

"పైకెక్కి చూడు" అన్నాడు మేస్త్రి.

వాడు ఎక్కి చూశాడు. దిగినప్పుడు గొంతు తగ్గింది. "ఎంసీబీ ఎందుకు పడిపోలేదు బావా? దానికోసమేగా కొత్తది పెట్టావు?"

"ఎక్కువ కరెంటు పోతే అది పడుతుంది. ఇక్కడ పోయింది పదమూడే. దాని లెక్కలో తప్పేమీ లేదు. జాయింటులో పట్టు వదిలింది. పట్టు వదిలిన చోట వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ ఇంకా వదులవుతుంది. ఇరవై రెండేళ్ళు వాషింగ్ మిషనుకీ ఇస్త్రీపెట్టెకీ ఆగింది. నీ మిషన్లకు వారం కూడా ఆగలేదు."

"అంటే జాయింటు పాతబడింది. అంతేగా, మార్చెయ్యి."

"పాతబడిందని నాకు తెలిసుండాలి. నాదే కదా అని తెరవలేదు. వేరేవాడిదైతే రంగు పోయినా సరే తెరిచేవాణ్ణి." ఆయన ఆ మాట ఎవరివైపూ చూడకుండా అన్నాడు. "అయినా నాకొకటి అర్థం కావట్లేదు. ఆదివారం నేనా మూత తాకి చూశాను. గోరువెచ్చగా ఉంది. గంటసేపు పదమూడు ఆంపులు పోయాక కూడా గోరువెచ్చగానే ఉంది. అప్పుడే పట్టు వదిలుంటే చెయ్యి కాలాలి."

"అన్నయ్యా" అంది చెల్లెమ్మ. "అప్పుడు తలుపు తీసి ఉంది."

ఇద్దరూ ఆమెవైపు తిరిగారు.

"మీరు గుమ్మంలో కూర్చున్నారుగా. మీరుంటే తలుపు పడదు. మీరు వెళ్ళగానే నేను మూసేశాను. ఆ చప్పుడుకి పిల్ల చదువుకోవద్దా? ఆదివారం సాయంత్రం నుంచి ఆ తలుపు మూసే ఉంది. పైనున్న కిటికీ సందులో ఈయన కాగితాలు కుక్కారు, దుమ్ము పడుతుందని. ఫినాయిలు పొయ్యడానికి తీస్తే లోపల పొయ్యిలా ఉంది. మిషన్లు కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను."

మేస్త్రి స్టూలువైపు చూశాడు. ఆదివారం దాన్ని ఎక్కడ వేశాడో అక్కడే ఉంది, గుమ్మంలో. వేడిగాలి పైకెళ్తుంది. కప్పుకు జానెడు కింద ఉన్న బాక్సు చుట్టూ చేరుతుంది. తలుపు తీసి ఉంటే గుమ్మంలోంచి బయటికి పోతుంది, తన తలమీదుగా. అలా పోతుండగా తను చెయ్యి పెట్టి చూశాడు. తను లేనప్పుడు ఆ గది ఎలా ఉంటుందో ఆ గంటకు తెలియదు.

"పదివేళ్ళూ అరిగేదాకా ఈ పని చేశాను. ఈ మాట నాకు నువ్వు చెప్పాల్సొచ్చింది" అన్నాడు.

"మీరు మగాళ్ళు. తలుపులు మూసే పని మీకెప్పుడుంది?" అంది ఆమె, మామూలుగా.

శుక్రవారం, శనివారం మళ్ళీ పని జరిగింది. బావమరిది సెలవు పెట్టుకుని నిచ్చెన పట్టుకున్నాడు. ఈసారి మేస్త్రి పాత లైనును మిషన్ల దగ్గరకే రానివ్వలేదు. మెయిన్ బోర్డు నుంచి రెండు కొత్త లైన్లు లాగాడు, ఒక్కో మిషనుకు ఒక్కోటి, ఇంకాస్త లావు వైరు, ఒక్కోదానికి విడిగా ఎంసీబీ. మెయిన్ బోర్డు దగ్గర మొదలైన వైరు సాకెట్టు దాకా ఒకే ముక్క.

"మధ్యలో జాయింటు పెడితే వైరు సగం మిగిలేది బావా. పాతది వాడుకునేవాళ్ళం."

"కనబడని చోట జాయింటు ఉండకూడదు. నాదైనా సరే."

కిటికీ సందులోంచి కాగితాలు పీకేశాడు. మిషన్ల వెనక గోడకు పైన తొలిచి, వేడిని పెరట్లోకి తోసే ఫ్యాను పెట్టాడు. తలుపు కింద అంచు నాలుగు వేళ్ళ మేర కోసి, అక్కడ జాలీ కొట్టాడు, చల్లగాలి లోపలికి రావడానికి. అరమీద బట్ట, అట్టపెట్టె ఏదీ పెట్టకూడదన్నాడు. మెట్ల మలుపులో, పొగ వస్తే కూసే చిన్న పరికరం బిగించాడు. దాన్ని నొక్కి కూయించి చూపిస్తే మేనకోడలు చెవులు మూసుకుని, మళ్ళీ నొక్కమంది.

"కరెంటాఫీసుకెళ్ళి ఇంటి లోడు పెంచమని కాగితం పెట్టు" అన్నాడు బావమరిదితో. "నువ్వు రాసుకున్న లోడుకీ నీ ఇంట్లో నడిచేదానికీ పొంతన లేదు. అది వచ్చేదాకా రెండూ కలిపి నడపకు. ఒకటే."

"ఒకటే అయితే నాకేం మిగుల్తుంది బావా?"

"ఇల్లు."

వాడు తలుపు పైన గీరిన రంగువైపు చూసి, వెళ్ళి ఒక మిషను ప్లగ్గు పీకాడు.

అనుమతి రావడానికి రెండు వారాలు పట్టింది. వచ్చిన మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి మేస్త్రి వచ్చాడు. రెండు మిషన్లూ ఆన్ చేయించాడు. క్లాంప్ మీటరు ఒక్కో వైరుకూ పట్టించి చూశాడు. ఒక్కోదాంట్లో ఆరున్నర ఆంపులు. చెల్లెమ్మ అలవాటు కొద్దీ స్టూలు తెచ్చి గుమ్మంలో వేయబోయింది.

"వద్దమ్మా. తలుపు వెయ్యి. నువ్వు రోజూ ఎలా వేస్తావో అలాగే."

ఆమె వేసింది. హోరు సగానికి తగ్గింది. మేస్త్రి ఆ మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు. కూర్చోకుండా పని చోటు వదిలి వెళ్ళడం ఇస్త్రీ దుకాణం తర్వాత ఇదే మొదటిసారి. సంచి తీసుకున్నాడు, పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు.

"మీరు వెళ్ళండన్నయ్యా. నేనున్నాగా" అంది ఆమె.

"వాసన వస్తే?"

"ముందు మెయిన్ బోర్డు. తర్వాత పిల్లి."

ఆయన నవ్వి బయటికి నడిచాడు. పన్నెండింటికి వచ్చి తలుపు తీసి, సాకెట్లు, ప్లగ్గులు, ఎంసీబీలు, అన్నింటినీ వేళ్ళ వెనకభాగంతో తాకి చూసి, తలుపు వేసి వెళ్ళాడు. సాయంత్రం అయిదింటికి మళ్ళీ వచ్చాడు. అప్పటికి బావమరిది కూడా ఇల్లు చేరి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి బావా, చల్లగా ఉందా?"

"చల్లగా ఎందుకుంటుంది? వెచ్చగా ఉంది." మేస్త్రి చెయ్యి ఇంకా సాకెట్టు మీదే ఉంచాడు. "మధ్యాహ్నం ఎంతుందో అంతే ఉంది. పెరగలేదు. అది కావాలి."

"అయితే అయినట్టేనా?"

ఆ మాట ఆయన నోట్లోంచి రావాలని వాడు ఎదురుచూస్తున్నాడు. చెల్లెమ్మ కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇవాళ్టికి బాగుంది" అన్నాడు మేస్త్రి. "వచ్చే నెల ఇదే తేదీకి వచ్చి స్క్రూలు బిగిస్తాను. ఈలోపు తల్లీ, రోజుకొకసారి నువ్వు చెయ్యి పెట్టి చూడు. అరచెయ్యి కాదు, ఇలా, వెనకవైపు. తలుపుకి, గోడకి, ప్లగ్గు పైకి. నిన్నటికన్నా వేడిగా అనిపిస్తే ఆపెయ్యి. ఆపాక నన్ను పిలువు. వీడి నష్టం సంగతి వీడు చూసుకుంటాడు."

ఆమె వచ్చి, ఆయన చూపించినట్టే చెయ్యి తిరగేసి ప్లగ్గు మీద ఆనించింది. కాసేపు అలాగే ఉంచి, ఆ వేడిని గుర్తుపెట్టుకుంటున్నట్టు తలూపింది.

ఇంటికెళ్ళాక మేస్త్రి బీరువా మీంచి రేకు డబ్బా దించాడు. జేబులోంచి నల్లబడ్డ జాయింటు తీశాడు. రెండు వారాలుగా అది జేబులోనే ఉంది. చొక్కా ఉతకడానికి వేసినప్పుడల్లా భార్య తీసి కిటికీ దగ్గర పెట్టేది, ఆయన మళ్ళీ వేసుకునేవాడు. దాన్ని డబ్బాలో, అందరి ప్లగ్గుల మీద పెట్టి మూత వేశాడు.

"మీది కూడా చేరిందన్నమాట" అంది భార్య, కుట్టు మీంచి తలెత్తకుండా.

"చేరింది."

మర్నాడు పని ఒప్పుకోలేదు. ఒక కాగితం తీసుకుని, తను వైరింగ్ చేసిన చోట్లలో ఎప్పుడూ ఆగని సామాను ఎక్కడెక్కడుందో రాసుకున్నాడు. రక్తపరీక్షల ల్యాబులో ఫ్రిజ్జులు. ఐసు గోడౌను. రంగుచేపలు అమ్మే కొట్టులో నీళ్ళ పంపులు, లైట్లు. ఇంటర్నెట్ కేబులు వాళ్ళ చిన్నగది. కాగితం నిండేసరికి పదిహేడు అయ్యాయి. దగ్గరలో ఉన్నది రంగుచేపల కొట్టు. సంచి భుజాన వేసుకుని అటు నడిచాడు.

కొట్టు వెనక గదిలో అన్ని పంపుల వైర్లూ ఒక బాక్సులోకి వెళ్తాయి. ఆ గదికొక చెక్కతలుపు ఉంది. ఆ కొట్టులో పని చేసి ఆరేళ్ళయింది. ఆ రోజు కూడా గంట కూర్చున్నాడు, బాగా గుర్తుంది, రంగుచేపల్ని లెక్కపెడుతూ కూర్చున్నాడు. స్టూలు ఎక్కడ వేసుకున్నాడో మాత్రం వెంటనే గుర్తురాలేదు. అది గుర్తుచేసుకుంటూ నడిచాడు. చేపలు కనబడాలంటే గదిలోంచి బయటికి చూడాలి.

ఆ రోజు తలుపు తీసే ఉండి ఉండాలి.